ఊ కొట్టడం ఆపిన పిల్లోడు

మా బడిలో శనివారం చివరి పీరియడు కథల పీరియడు. నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని కలిపి కూర్చోబెడతాను. అంతా కలిస్తే ఇరవై ఆరుమంది. మధ్యాహ్నం అన్నం తిని ఉంటారు, పైన రేకులు కాలుతుంటాయి, మనసు అప్పటికే ఇంటికి పోయుంటుంది. ఆ గంట వాళ్ళు కదలకుండా వినాలంటే కథకు గట్టి పట్టు ఉండాలి. పోయిన ఏడాది ఎండాకాలం సెలవులకు ముందు ఒక శనివారం దొంగ కథ ఒకటి చెప్పాను. ఏ పుస్తకంలోదీ కాదు, అప్పటికప్పుడు అల్లింది. ఊరవతల పెంకుటిల్లు. ఇంటాయన మామిడితోట మీద వచ్చిన డబ్బు తెచ్చి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అర్ధరాత్రి కుక్క రెండుసార్లు మొరిగి టక్కున ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయింది? పైన పెంకు కదిలింది. సందులోంచి తాడు దిగింది.

పిల్లలు ఊపిరి బిగబట్టారు. ముందు వరసలో ఒక పాప "దొంగ ఎవురు మేడం?" అంది. అక్కడ కాసేపు ఆగాలని కథ చెప్పే ఎవరికైనా తెలుసు. నేనూ ఆగాను. ఆ ఆగిన సందులో వెనకనుంచి ఒక గొంతు, "ఇంకెవురు, ఎరుకలోళ్ళే" అంది. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదది, తెలిసిన జవాబు దొరికిన పిల్లల నవ్వు. కిటికీ పక్కన కూర్చున్న ఒక్క పిల్లోడు నవ్వలేదు. అప్పటిదాకా అందరికన్నా గట్టిగా ఊ కొట్టింది వాడే. ఆపేశాడు.

నేను ఎరుకల దాన్ని. ఆ బడికి బదిలీ మీద వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు, పూతలపట్టు నుంచి రోజూ బస్సులో పోయి వస్తున్నాను. నా కులం పిల్లలకు తెలీదు. ఆ ఒక్కడికి తెలుసు, ఎందుకంటే వాడుండే కాలనీలో మాకు చుట్టాలున్నారు. వాడు నావైపు చూశాడు. నేను బల్లమీద స్కేలుతో కొట్టి "సైలెన్స్" అని కథలోకి పోయాను. దొంగ ఎవరో తేల్చకముందే లాంగ్ బెల్ కొట్టారు. బెల్ కొట్టినందుకు నాకు హాయిగా అనిపించింది. ఆ హాయే తర్వాత నన్ను నిద్రపోనివ్వలేదు.

నేనడగాలనుకునే ప్రశ్న అప్పట్నుంచి నాతో ఉంది. వినేవాళ్ళని పట్టి కూర్చోబెట్టడం కథ చెప్పేవాళ్ళకు ఉండాల్సిన నేర్పు, అందులో అనుమానం లేదు. అయితే దేంతో పట్టాం, ఆ పట్టుకు ఖర్చయింది ఎవరు అని కూడా చూసుకోవాలా? లేక కథ బాగుంటే చాలా?

కథ చెబుతుంటే ఊ కొట్టాలని మనలో ఎవరూ ఎవరికీ పాఠంగా నేర్పరు. చేట ముందు కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతూ అవ్వ కథ చెబుతుంటే చుట్టూ పిల్లలు ఊ, ఊ అంటారు. ఊ ఆగితే కథా ఆగుతుంది, "నిద్రపోయినారా?" అని అడుగుతుంది. బుర్రకథలో వంతలుంటారు, హరికథలో వెనక తాళం ఉంటుంది, వీధి భాగవతంలో భాగవతుడి మాటకు మాట అందించేవాడు ఉంటాడు. వీళ్ళంతా ఆ ఊ కి కొలువు చేసేవాళ్ళే అని నాకనిపిస్తుంది. ఊ అంటే 'వింటున్నాను' అని మాత్రమే కాదు. 'సరే, నువ్వు చెప్పింది ఒప్పుకుంటున్నా, పద' అని కూడా. అనగనగా ఒక రాజు అంటే ఊ. ఆ రాజుకు ఏడుగురు కొడుకులంటే ఊ. ఒక్కో ఊ తో వినేవాడు ఒక్కో మెట్టు ఒప్పుకుంటూ దిగుతాడు. ఆ పిల్లోడు ఊ ఆపింది విసుగొచ్చి కాదు. ఇక్కడనుంచి ఒప్పుకోను అన్నాడు. నా ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఒక కథమీద అంత సూటి విమర్శ నేను వినలేదు.

మా అవ్వ సోది చెప్పేది. బుట్ట చంకనబెట్టుకుని, చేతిలో చిన్న కర్ర పట్టుకుని పొద్దున్నే బయల్దేరితే పొద్దు వాలేదాకా నాలుగూళ్ళు తిరిగొచ్చేది. కొన్నిసార్లు నన్నూ వెంటబెట్టుకుపోయేది. తెలుగులో ఇవ్వాళ 'సోది' అంటే ఏమిటో మీకు తెలుసు. ఎవరైనా విసుగ్గా, సాగదీసి మాట్లాడితే "సోది ఆపు" అంటారు. మా స్టాఫ్ రూములో రోజుకు నాలుగుసార్లు వినిపిస్తుంది ఆ మాట. నేను నవ్వి ఊరుకుంటాను. కానీ అవ్వ సోది చెబుతుంటే విసుగుపడినవాళ్ళని నేనొక్కరినీ చూడలేదు. పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా లేవని ఆడవాళ్ళని చూశాను. వినేమనిషిని అంతగా కట్టిపడేసే విద్య పేరే విసుక్కోవడానికి పేరైంది. ఎవరి విద్య పేరు తిట్టుగా మారుతుంది అన్నది ఆలోచించాల్సిన సంగతే.

అవ్వ ఏం చేసేదో చెబుతాను. ముందు కంచి కామాక్షినీ, మధుర మీనాక్షినీ, కొల్లాపురమ్మనూ పిలిచేది. అది పిలుస్తున్నంతసేపూ కళ్ళు ఇంటిని చూస్తుండేవి. దండెంమీద మగవాళ్ళ బట్టలున్నాయా, వాకిట్లో చిన్నపిల్లల చెప్పులున్నాయా, చెయ్యి చాచినావిడ గాజులు పాతవా కొత్తవా. తర్వాత చేతిమీద కర్ర ఆనించి, నీ మనసులో ఒక మాటుంది తల్లీ, బయటికి చెప్పుకోలేకుండా ఉండావు, అనేది. లోకంలో ఆ మాట వర్తించని ఆడమనిషి ఎవరు? ఆ మాటకు ఎదుటావిడ ముఖంలో ఏదో కదిలేది. అవ్వ ఆ కదలిక పట్టుకుని మరో అడుగు వేసేది. ఇది దేవత పలికిస్తున్నదని నేననుకోను. చిన్నప్పుడు అనుకున్నాను, టీచరు ట్రైనింగు అయ్యేనాటికి ఆ నమ్మకం పోయింది. అది చూపు, ఊహ, ఓపిక. అయినా వినేవాళ్ళు ఎందుకు లేవలేకపోయారో ఇప్పుడు బాగా అర్థమవుతోంది. ఆ కథలో వాళ్ళే కథానాయికలు. రోజంతా ఇంట్లో ఎవరూ పట్టించుకోని ఒక కోడలి గురించి, ఎవరో పనిగట్టుకుని కూర్చుని, ఆమె ఒక పెద్ద కథకు మధ్యలో ఉన్నట్టు చెబుతుంటే ఎలా లేస్తుంది?

పెద్దయ్యాక ఒకసారి అవ్వని నిలదీశాను. "ఇదంతా మోసం కాదా?" అన్నాను. డిప్లొమా చేతికొచ్చిన కొత్త, పొగరుగా ఉండేదాన్ని. అవ్వ కోప్పడలేదు. "మనసులో దిగులుండాది అని చెప్పినా. ఉండింది. అందులో మోసమేముండాది?" అంది. కాసేపాగి తనే అంది: "గండం ఉండాదని చెప్తే చేటలో గింజలు ఎక్కవ పడతాయి పాపా. మొగునికి గండం, బిడ్డకి గండం. అట్ల చెప్పగూడదు. నేను చెప్పలేదని కాదు. మీ నాయన పసిబిడ్డగా ఉన్నప్పుడు, మూడు రోజులు పొయ్యి రాజెయ్యనప్పుడు చెప్పినా. ఆయమ్మ ముఖం ఇప్పటికీ కనపడతాది."

ట్రైనింగులో పాఠ్యపథకం మొదట్లో ఉన్ముఖీకరణ అని రాయించేవాళ్ళు. పాఠంలోకి పోయేముందు పిల్లల మనసుని ఇటు తిప్పాలన్నమాట. ఎలా తిప్పాలో చెప్పారు. దేంతో తిప్పకూడదో చెప్పలేదు. అది నాకు అవ్వ చెప్పింది, తను తప్పిన చోటుతో సహా.

దిగులు చెప్పడానికీ గండం చెప్పడానికీ మధ్య ఉన్న తేడా ఆలోచిస్తే మన చుట్టూ ఉన్న కథల వ్యాపారమంతా కనిపిస్తుంది. టీవీ సీరియల్లో శనివారం ఎపిసోడు ఎక్కడ ఆగుతుంది? విషం కలిపిన పాలగ్లాసు పెదాల దాకా వచ్చినచోట. వార్తల చానెల్లో ఏమంటారు? మీ ఇంట్లో ఈ వస్తువు ఉందా, అయితే జాగ్రత్త, చిన్న విరామం తర్వాత. ఫోన్లో చిన్న వీడియో మొదలు కాగానే చివరిదాకా చూడకపోతే నష్టపోతారంటుంది. ఇదంతా గండం సోదే. చెప్పేవాళ్ళు బుట్ట పట్టుకుని ఎండలో తిరగరు, అంతే తేడా. వీళ్ళనెవరూ మోసగాళ్ళనరు.

అయితే 'తర్వాత ఏమవుతుందో' అన్న భయం ఒక్కటే కథకు పట్టు అని నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం మా ప్రాంతమే. చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్ళకు భారతం అంటే పుస్తకం కాదు, తిరునాళ్ళు. ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్ళో పద్దెనిమిది రోజులు జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. బకాసుర వధ రోజు భీముడు బండెడు కూడు పెట్టుకుని ఊరంతా తిరుగుతాడు. తపస్సు రోజు అర్జునుడి వేషగాడు ఆకాశమంత మాను ఎక్కి నిమ్మకాయలు, పూలు విసురుతాడు, బిడ్డలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కింద కాచుకుని ఉంటారు. ఆఖరురోజు నేలమీద పడుకోబెట్టిన మట్టి దుర్యోధనుడి తొడ పగుల్తుంది, ద్రౌపది జుట్టు ముడేస్తుంది, సాయంత్రం అగ్నిగుండం. ఈ కథ చివర తెలీనివాడు ఆ మైదానంలో ఒక్కడూ ఉండడు. చంకలో బిడ్డకు కూడా తెలుసు. అయినా ఏటేటా వస్తారు, దుర్యోధనుడు ఈసారి గెలుస్తాడేమోనని కాదు. అయినా భీముడు గద ఎత్తినప్పుడు వేలమంది గొంతు ఒక్కటవుతుంది.

తెలిసిన కథకు గుండె ఎందుకు కొట్టుకుంటుందన్నది పశ్చిమ దేశాల తత్త్వవేత్తలు కూడా ఒక చిక్కుముడిగా చర్చించారు. హిచ్‌కాక్ అనే సినిమా దర్శకుడు ఇంకో రకంగా చెప్పాడు. బల్లకింద బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలీకుండా పేలిస్తే పదిహేను సెకన్ల ఉలికిపాటు. ముందే తెలిస్తే బల్లచుట్టూ కూర్చున్నవాళ్ళు ఏ పిచ్చాపాటి మాట్లాడుకున్నా పదిహేను నిమిషాలు వేళ్ళు కొరుక్కుంటాడు. తెలియనితనం కన్నా తెలిసుండటమే ఎక్కువ పట్టిస్తుందన్నమాట.

మాకది హిచ్‌కాక్ చెప్పకముందే తెలుసు. శ్రీనివాస కల్యాణం కథ ఇక్కడిదే. నారాయణవనంలో ఆకాశరాజు కూతురు పద్మావతి మంచం పట్టింది. ఏ జబ్బో ఎవరికీ అంతుపట్టలేదు. అప్పుడు బుట్ట పట్టుకుని ఒక ఎరుకలసాని వీధిలో వచ్చింది. రాణి ధరణీదేవి లోపలికి పిలిపించింది. నీ కూతురికి వేంకటాద్రిమీద ఉన్నవాడితో పెళ్ళి చెయ్యి తల్లీ, జబ్బు కుదురుతుందని ఆమె ఎరుక చెప్పింది. ఆ ఎరుకలసాని శ్రీనివాసుడేనని కథ వినే అందరికీ తెలుసు. రాణికి తెలీదు. ఆమె అమాయకంగా చెయ్యి చాస్తుంటే వినేవాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. ఎన్నిసార్లు విన్నా అక్కడ ఊ గట్టిగా పడుతుంది. చిన్నప్పుడు హరికథలో ఆ ఘట్టం వస్తే అవ్వ నా చేతిని గట్టిగా నొక్కేది. దేవుడికి ఇన్ని వేషాలుండగా రాణి పడకగది దాకా పోవడానికి, పోయి నమ్మించడానికి, పనికొచ్చింది మన వేషం. అవ్వ గర్వమది.

అదే వేషం గురించి ఇంకో కథ ఉంది. 1892లో ముల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాజధానిలో 'నేర తెగలు' అనుకున్నవాళ్ళమీద ఒక పుస్తకం రాశాడు. అటువంటి రాతల్లో మా ఆడవాళ్ళు బుట్ట పట్టుకుని ఇంటింటికీ తిరిగేది దోచుకోవడానికి ఇళ్ళు చూసిపెట్టడానికే అన్న మాట పదేపదే వస్తుంది. బుట్ట అదే, కర్ర అదే, దండెంవైపు చూసే చూపు అదే. ఒక కథలో ఆమె రాణి నమ్మిన మనిషి, ఇంకో కథలో దొంగల కన్ను. రెండో కథకు కూడా మంచి పట్టుంది, అది ఒప్పుకోవాలి. అమాయకంగా కనిపించే ఆడమనిషి, లోపల ఇంకేదో ఉందట అంటే ఎవరు వినరు?

కానీ రెండో కథ చట్టమైంది. నేర తెగల చట్టం మొదట 1871లో వచ్చింది, 1911 చట్టంతో మద్రాసు రాజధాని మీదా పడింది. మా జనం పేర్లు రిజిస్టరులో ఎక్కాయి, వేలిముద్రలు తీసుకున్నారు, రాత్రిళ్ళు హాజరు చెప్పుకోవాల్సి వచ్చింది. నేరం చేసినందుకు కాదు, పుట్టినందుకు. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టారు. చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. అవ్వ వాళ్ళ నాయన రాత్రి హాజరు చెప్పి తిరిగొచ్చేదాకా ఇంట్లో ఎవరూ అన్నం తినేవాళ్ళు కాదట. ఆ మాట అవ్వ కథలా చెప్పేది కాదు. అన్నం వడ్డిస్తూ మధ్యలో అనేసి ఊరుకునేది.

చట్టం పోయింది కానీ కథ పోలేదు, ఎందుకంటే కథకు పట్టుంది. 1991లో ఒక్క ఏడాదే 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్', 'స్టూవర్టుపురం దొంగలు' అని రెండు తెలుగు సినిమాలొచ్చాయి. ఆ పేరు పోస్టరుమీద పెడితే జనం వస్తారని లెక్క. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది, దాని టీజరులో మా జాతిని చూపిన తీరుమీద కొందరు హైకోర్టు దాకా వెళ్ళారు. ఈ సినిమాలు తీసినవాళ్ళు మామీద పగతో తీశారని నేనను. వాళ్ళకు ఉత్కంఠ కావాలి. చీకటి, తాడు, పెంకు, పరుగు కావాలి. అది ఎక్కడ సిద్ధంగా దొరికితే అక్కడ తీసుకున్నారు. నేను కూడా ఆ శనివారం చేసింది అదే కదా. కుక్క, పెంకు, తాడు నేనే పేర్చాను. ఖాళీ మాత్రం వదిలాను. ఆ ఖాళీలో ఏం పడుతుందో వందేళ్ళుగా అందరికీ తెలుసు, తొమ్మిదేళ్ళ పిల్లలకు కూడా తెలుసు. ఆ పేరు అన్నది పిల్లవాడే. కానీ ఆ పేరుకు చోటు చేసిపెట్టింది నేను.

అరేబియన్ రాత్రుల షహరాజాద్ తెల్లవారేసరికి కథని సగంలో ఆపేది. సీరియల్ వాళ్ళ గురువు ఆమే అనిపిస్తుంది. కానీ ఒక తేడా ఉంది, నాకది చాలా పెద్దదిగా కనిపిస్తుంది. ఆమె ఒడ్డింది తన ప్రాణం. పట్టు తప్పితే పోయేది తన తలే. ముల్లాలీ పుస్తకంలో పట్టు తప్పినా తప్పకపోయినా ఆయనకేం పోదు. నా దొంగ కథలో నాకేం పోలేదు, పోయింది కిటికీ పక్కన కూర్చున్నవాడికి.

అట్లాగని దొంగ లేని కథలే చెప్పాలనుకుంటే నాకు చేతనైన కథలు సగం పోతాయి. పిల్లలకు దొంగలు కావాలి, దయ్యాలు కావాలి, పులి కావాలి. నీతి పాఠాలతో నిండిన కథలకు వాళ్ళు ఎలా ఊ కొడతారో ప్రతి టీచరుకూ తెలుసు, ఆ ఊ లో ఆవలింత ఉంటుంది. దాన్ని నేను మంచితనం అనుకోను. విసిగించడం కూడా వినేవాళ్ళ పట్ల ఒక అన్యాయమే. వాళ్ళ గంటసేపు మనం తీసుకున్నాం కదా.

బేతాళుడి పద్ధతి నాకు నచ్చడానికి కారణం ఇదే. శవంలో దూరిన బేతాళుడు విక్రమార్కుడికి దారిలో కథ చెప్పి, చివర ఒక ప్రశ్న వేస్తాడు. తర్వాత ఏమైందని కాదు. వీళ్ళలో ఎవరు చేసింది న్యాయం, ఎవరి త్యాగం గొప్ప అని. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు. వినేవాడి భయం మీద కాక వినేవాడి న్యాయబుద్ధి మీద చెయ్యి వేస్తాడు. చందమామలో ఆ కథలు చదువుతూ రాజు జవాబు చూడకముందే పేజీ మూసి మేమేం చెబుతామో వాదించుకునేవాళ్ళం. అక్కడా కుతూహలమే. కానీ ఆ కుతూహలానికి ఎవరి పేరూ దొంగల జాబితాలో పడదు.

ఇంకొకటుంది, కథ ఎక్కడ ఆపాలి అన్నది. అరిస్టాటిల్ కథకు మొదలు, నడుమ, చివర ఉండాలన్నాడు. చివర అంటే దాని తర్వాత ఇంకేమీ రావాల్సిన అవసరం లేనిది. వినడానికి తేలిగ్గా ఉంది. ఎవరికి అవసరం లేనిది? ఎరుకల వాళ్ళం చాలామంది ఏకలవ్యుణ్ణి మా వాడనుకుంటాం. భారతంలో హరికథ ఆదిపర్వంలో ఉన్నప్పుడు ఆయన వస్తాడని నేను ఎదురుచూసేదాన్ని. వచ్చేవాడు, త్వరగా వెళ్ళిపోయేవాడు. మట్టి బొమ్మ, విద్య, కుక్క నోట్లో ఏడు బాణాలు, ద్రోణుడు, బొటనవేలు. మూలంలో ఆ కథ ఆగేది అర్జునుడి గుండె కుదుటపడినచోట. తనకన్నా గొప్పవాడు లేడని అతనికి ధైర్యం వచ్చింది, కథ అయిపోయింది. అర్జునుడి దిగులుతో మొదలైంది కాబట్టి అతని దిగులు తీరితే చివరే. శిల్పంలో తప్పులేదు. కానీ ఆ రాత్రి ఏకలవ్యుడు ఇంటికి పోయుంటాడు. వాళ్ళమ్మ కూడు కలుపుకోమని పెట్టుంటుంది. నాలుగు వేళ్ళతో ముద్ద ఎలా కలిపాడు? నేను చిన్నప్పుడు అవ్వని అడిగిన ప్రశ్న అది. కథ ఒక్క పూట ముందుకు పోతే అది ఇంకొకరి కథ అయ్యేది.

ఈ పుస్తకం చదివే మనవాళ్ళతో ఇంకో మాట అనాలి, కాస్త చేదుగా ఉంటుంది. మనం రాయడం మొదలుపెట్టాక మనకూ ఈ తాడు, పెంకు దొరికాయి. మన ఆకలి, మన ఆడపిల్లల కన్నీళ్ళు, ఆసుపత్రికి మోసుకుపోయిన డోలీ. అవి నిజాలే, రాయాల్సిందే. కానీ బయటి పాఠకుణ్ణి పట్టి కూర్చోబెట్టడానికి అవే పనికొస్తాయని తెలిశాక, ఏడ్చిన మనిషికి పేరు, కోపం, జోకులు, ఇష్టమైన కూర లేకుండా ఏడుపు మాత్రమే మిగిల్చి రాయడం నేను చూశాను. నేనూ రాశాను. ఒక సభలో అటువంటిది చదివితే చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. ఎవరి గురించి రాశానో ఆమెకు ఇంటికొచ్చి చదివి వినిపించాను. విని, "నేను ఇంతేనా?" అంది. ఆమె బుట్టలల్లడంలో ఆ చుట్టుపక్కల ఆమెను మించినవాళ్ళు లేరు. దాని గురించి నేనొక్క వాక్యం రాయలేదు.

కథకు పట్టు ఎంత ఉందో ఇప్పుడు నేను ముందు వరస ముఖాలు చూసి కొలవడం లేదు. కథలో ఎవరిమీద కాలు మోపి పైకెక్కుతున్నానో, ఆ మనిషి గదిలో కూర్చుని ఉంటే ఊ కొడతాడా అని చూసుకుంటున్నాను. అన్నిసార్లూ కుదరడం లేదు. కథ వేగంలో ఉన్నప్పుడు అంత లెక్క చూసుకోవడం కష్టం.

ఆ శనివారం తర్వాత రెండు శనివారాలు కథ చెప్పలేదు, చిత్రలేఖనం చేయించాను. భయం వేసింది. మూడో శనివారం బల్ల ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, "ఈరోజు మా అవ్వ కథ" అన్నాను. మా అవ్వ ఎరుకలామె అని మొదటి వాక్యంలోనే చెప్పేశాను. దాచిపెట్టి చివర్లో తీస్తే ఇంకా పట్టుగా ఉండేది, నాకు తెలుసు. ఆ పని చెయ్యబుద్ధి కాలేదు. వెనక వరసలో ఒకడు తలవంచుకున్నాడు. ఆ రోజు దొంగ ఎవరో చెప్పింది వాడే. వాణ్ణి నేను ఏమీ అనలేదు, అనాల్సింది వాణ్ణి కాదు. బుట్ట, కర్ర, నాలుగూళ్ళు తిరగడం, దండెంమీద బట్టలు చూడటం, గండం చెప్పిన రోజు, అన్నీ చెప్పాను. హాజరు సంగతీ చెప్పాను. కథ చాలాచోట్ల నత్తనడక నడిచింది. ఒక పాప నిద్రపోయింది. ఇంకొకడు పక్కవాడి చెవిలో "సోది" అన్నాడు, వాడి భాషలో విసుగు అనే అర్థంలోనే. నాకు వినబడి నవ్వొచ్చింది, నవ్వు ఎందుకో వాళ్ళకు తెలీక వాళ్ళూ నవ్వారు.

కిటికీ పక్కనున్నవాడు ఊ కొట్టలేదు. చేతులు కట్టుకుని విన్నాడు. చివర్లో చెయ్యెత్తాడు.

"మీ అవ్వకి ఎవురన్నా సోది చెప్పినారా మేడం?"

లేదన్నాను. నాకు తెలిసి ఎవరూ చెప్పలేదు. ఊళ్ళోవాళ్ళందరి చేతులూ చూసిన మనిషి చెయ్యి ఎవరూ పట్టుకు చూడలేదు. "అయితే ఆయమ్మకి ఏం దిగులో తెలీదా?" అన్నాడు. ఇంటికి పోయి మా నాయన్ని అడుగుతానన్నాను. అడిగాను. ఆయన చెప్పింది కొంత ఉంది. వచ్చే శనివారం దాన్ని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.